మరమ్మతునకు వాయిదా లేదు

"నడచుచున్న దానిని ముట్టవలదు" అను మాట మన కార్యాలయములలో వేదవాక్యమువలె చెలామణి యగుచున్నది. చెరువుల విషయమున, బండ్ల విషయమున ఈ వాక్యము మనకు తెచ్చిన నష్టము ఖమ్మము సీమవారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు. ఇప్పుడది కూలివాని హాజరును, పసిబిడ్డ తూనికను నమోదుచేయు ఫోనులోనికి ప్రవేశించినది. యాప్‌లను నిర్మించు పనిముట్లను, వాని కాధారమైన లైబ్రరీలను ఎప్పటికప్పుడు క్రొత్తవెర్షనులకు మార్చుట యనునది హైదరాబాదులో చల్లని గదులలో కూర్చుండువారి గొడవ యని పట్టణవాసులలో పెక్కురు తలంచుచున్నారు. అది చర్ల, దుమ్ముగూడెము, చింతూరు పల్లెల గొడవ యని మేము చెప్పుచున్నాము.

మొదట విషయమేమో తెలిసికొందము. యాప్ అనునది ఒక్కరు కూర్చుండి ఆద్యంతము వ్రాసిన గ్రంథము కాదు. పటమును చూపు భాగ మొకరిది. ఛాయాచిత్రమును కుదించు భాగము మరియొకరిది. సమాచారమును సర్వరునకు చేరవేయు భాగము వేరొకరిది. ఇట్టి భాగములను ఆ వృత్తివారు లైబ్రరీ లందురు. పఠనమందిరములో కూర్చుండి ఈ పత్రికను చదువు మిత్రులకు ఆ పేరు వింతగా తోపవచ్చును గాని, పలువురు వ్రాసిపెట్టినదానిని పలువురు తెచ్చుకొని వాడుకొను తావు గనుక పేరు యుక్తముగనే యున్నది. ఒక యాప్ ఏ లైబ్రరీలపై నిలిచియున్నదో వానిని దాని డిపెండెన్సీ లందురు. ఆధారములని మన మనుకొనవచ్చును; పరాధీనత లన్నను తప్పులేదు.

ఈ భాగముల నన్నిటిని సమకూర్చు మేస్త్రి పేరు గ్రేడిల్. ప్రాజెక్టులోని జాబితాను చదివి, ఏ లైబ్రరీ ఏ వెర్షను కావలయునో చూచి, దూరపు గోదాములనుండి రప్పించి, అన్నిటిని కలిపి ఫోనులో ఇముడునట్లు కట్టకట్టి యిచ్చును. ఈ మేస్త్రికి ఆండ్రాయిడ్ పని నేర్పునది గూగుల్‌వారి ప్లగిన్. ఇవియన్నియు ఒకదాని వయస్సు నొకటి చూచి నడచునవి. 2023లో వెలువడిన 8.0 ప్లగిన్‌కు గ్రేడిల్ 8, జావా 17 లేనిదే పని జరుగదు. అందుచే నొకదానిని కదల్చిన రెండవది, రెండవదానిని కదల్చిన మూడవది కదలును. ఏటేట కొంచెము కదల్చినవానికి ఒక పూటపని. అయిదేండ్లు ముట్టక యుంచినవానికి అది యిల్లు పడగొట్టి కట్టుకొనుటయే.

కొట్టునకు తాళము పడుటయు కలదు. ఆండ్రాయిడ్ లైబ్రరీలను ఏండ్ల తరబడి సరఫరా చేసిన జేసెంటర్ అను గోదామును మూయనున్నామని దాని యజమానులైన జేఫ్రాగ్ సంస్థవారు 2021 ఫిబ్రవరిలో ప్రకటించిరి. అంతటితో దయదలచి పాతసరకును కొంతకాలము చదువుకొననిచ్చిరి గాని, 2024 ఆగస్టులో అచ్చటికి పోవు అభ్యర్థనలను మేవెన్ సెంట్రల్ అను వేరొక గోదామునకు మళ్లించిరి. అచ్చట లేని లైబ్రరీపై నిలిచిన యాప్ సంగతి యేమి? మూడేండ్లకు పైగా వ్యవధి యుండెను. వ్యవధి ఇచ్చినది పరాయివాడు. దానిని వృథా చేసికొన్నవారు ఎవరో వేరుగ చెప్పవలెనా?

ఇక గూగుల్ అంగడివారి శాసనము. 2024 ఆగస్టు 31 నుండి క్రొత్తగ వచ్చు యాప్‌లును, అప్డేటులును ఆండ్రాయిడ్ 14ను ఉద్దేశించి నిర్మింపబడవలెననిరి. 2025 ఆగస్టు 31 నుండి ఆండ్రాయిడ్ 15 అనిరి. 2025 నవంబరు 1 నుండి, యంత్రభాషలో కూర్చిన భాగములు గల యాప్‌లు 16 కిలోబైట్ల పుటలు గల జ్ఞాపకశక్తికిని అనుకూలింపవలెనని మరియొక నిబంధన చేసిరి. చాలకాలము కదల్పని యాప్ క్రొత్త ఆండ్రాయిడ్ గల ఫోను కొన్నవానికి అంగడిలో కనబడకుండ పోవును. న్యాయస్థానములలో వాయిదాలు చూచి చూచి తల నెరసిన మా బోంట్లకు ఈ వ్యవహారము సుపరిచితమే: కాలపరిమితి ముందే తెలిసియుండియు ఆఖరు దినమున సాయంకాలము కోర్టుమెట్ల నెక్కు కక్షిదారుడు తన దావాను తానే చెరచుకొనును. ఇచ్చట చెరచువాడొకడు, నష్టపోవువాడు వేరొకడు. అదియే మా యభియోగము.

నష్టపోవువా రెవరో చూడుడు. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును ఛాయాచిత్రములతో నమోదుచేయుటకు ఎన్ఎంఎంఎస్ అను యాప్ 2021 మే నెలలో ప్రవేశపెట్టబడినది. 2023 జనవరి 1 నుండి దినమునకు రెండుమారులు చిత్రము తీసి పంపుట పనిస్థలములకు తప్పనిసరి చేయబడినది. చిత్రము పోనిచో హాజరు లేదు. హాజరు లేనిచో కూలి లేదు. 2023 ఫిబ్రవరిలో పలు రాష్ట్రముల గ్రామీణ కార్మికులు ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద ధర్నాకు కూర్చుండిరి. ఈ యాప్‌ను తొలగింపుమనుట వారి కోర్కెలలో నొకటి. 2005 నాటి ఉపాధి చట్టమునకు బదులుగ 2025 డిసెంబరులో పార్లమెంటు వేరొక చట్టమును చేసినది. చట్టము పేరు మారవచ్చును, కూలివాని దినమును ఫోను తెరపై కొలుచు పద్ధతి మాత్రము మన దేశమున వేళ్లూనినది. అంగన్వాడీలలో 2021 మార్చి 1న మొదలైన పోషణ్ ట్రాకర్ సంగతియు నట్టిదే. బిడ్డ యెత్తు, బరువు, ఇంటికిచ్చు ఆహారము అన్నియు నందులోనికే. ఫోనులు పాతవనియు, సిగ్నలు లేదనియు ఆ కార్యకర్తలు మొఱపెట్టుకొనుచునే యున్నారు.

గోదావరికి ఇరుప్రక్కలను ఈ యడవి సీమ యెట్టిదో పాఠకులెరుగుదురు. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. 2016లో పాత ఖమ్మము జిల్లా చీలినది. గీత మారినను కోయలు, కొండరెడ్లు మారలేదు. తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి బ్రదుకు ఆ కుటుంబములకు ఏటేట ఫోను మార్చుట యెచ్చటి మాట? ఒక్క ఫోను అన్నదమ్ములు మువ్వురు చేతులు మారి, తెర పగిలి, రబ్బరుపట్టీతో కట్టబడి పనిచేయుచుండును.

ఇప్పుడు హైదరాబాదులో జరుగు ఒక చిన్న క్రియను వినుడు. అయిదేండ్లు ముట్టని యాప్‌ను, వాయిదా ముంచుకొనివచ్చినదని, ఒక వారములో క్రొత్త పనిముట్లపైకి లాగుదురు. లాగినంతనే గ్రేడిల్ మొరాయించును: క్రొత్త లైబ్రరీకి ఆండ్రాయిడ్ 6 కంటె తక్కువ ఫోను పనికిరాదు, నీ యాప్ ఆండ్రాయిడ్ 5 ఫోనులను గూడ ఒప్పుకొనుచున్నది, ఈ రెంటికి పొసగదు అని యెర్రని అక్షరములతో చెప్పును. ఇది కల్పన కాదు. గూగుల్‌వారి ఆండ్రాయిడ్ఎక్స్ లైబ్రరీలు తమ కనీసపు మెట్టును 2023లో 19 నుండి 21కిని, 2025లో 21 నుండి 23కిని పెంచుకొన్నవి. అప్పుడా యువకుడు చేయునదేమి? జాబితాలో 21 అను నంకెను కొట్టి 23 వేయును. యెర్రని అక్షరములు మాయమగును. నిర్మాణము సఫలమని తెర చెప్పును. అతడు టీ త్రాగుటకు లేచును.

ఆ యంకె దిద్దుటలో ఎన్ని ఫోనులు పోయినవో లెక్కించినవాడు లేడు. పాతఫోనులో పాతవెర్షను ఇంకను ఉండవచ్చును గాని, "అప్డేటు చేసికొనుము" అని సర్వరు తలుపు మూసిన దినమున ఆ ఫోను రాతిపలకతో సమానము. పాతఫోను గలవానికి క్రొత్త యాప్ అందదు. క్రొత్తఫోను కొన్నవానికి పాత యాప్ కనబడదు. అట్టి ఫోనులెన్ని యుండును, పదేండ్లనాటివి గదా యని కొందరందురు. కొద్దియే యుండవచ్చును. ఆ కొద్దిమంది యెచ్చట నున్నారన్నదే ప్రశ్న. వారు బంజారాహిల్సులో లేరు.

మరియొక చిక్కు గలదు. దీనికి పాతఫోనుతో పనిలేదు. వాడుకలో లేవని తోచిన భాగములను కత్తిరించి యాప్‌ను తేలికచేయు ఆర్8 అను పనిముట్టు, ప్లగిన్ 8.0 మొదలుకొని మరింత కఠినమైన పద్ధతిని సహజముగ నవలంబించుచున్నది. నేరుగ గాక, నడచునప్పుడు పేరుపెట్టి పిలువబడు భాగములు దానికి వ్యర్థములుగ తోచును; ముందుగ చెప్పి కాపాడుకొననిచో కోసివేయును. నిర్మాణకర్త తన బల్లపై పరీక్షించుకొను ప్రతిలో ఈ కోత సామాన్యముగ నుండదు. జనులకు పంపు ప్రతిలో నుండును. బల్లపై చక్కగ నడచినది పనిస్థలమున కుప్పకూలును. విడుదల ప్రతిని విడిగ పరీక్షింపుమని ఆ వృత్తిలోని పెద్దలు మొత్తుకొనుచునే యున్నారు. గడువు మీదపడినవానికి ఏ పెద్దలమాట చెవికెక్కును?

అట్లైన ముట్టకుండుటయే మేలుగదా యని కార్యాలయపు వేదాంతులు మరల లేతురు. వారికి 2021 డిసెంబరును జ్ఞాపకము చేయుచున్నాము. లాగ్4జే అను చిన్న లైబ్రరీ, జావా ప్రోగ్రాములు తమ దినచర్యను వ్రాసికొనుటకు వాడుకొనునది. అందులో బయటపడిన రంధ్రముగుండ పరులు దూరి సర్వరులను వశపరచుకొనగలరని తేలినప్పుడు లోకమంతయు అల్లాడినది. ఆధారముల జాబితా చక్కగ నుంచుకొని, క్రమముగ మార్చుకొనుచు వచ్చినవారు త్వరలో తెరపిన పడిరి. తమ యింట ఆ లైబ్రరీ యున్నదో లేదో యెరుగనివారు గోడలు తడుముకొనిరి. కూలీల ముఖచిత్రములను, బిడ్డల వివరములను దాచు యాప్‌కు కిటికీలు పగిలియున్నవి గాని ఇల్లు నడచుచున్నదను సమాధానము సరిపడునా?

వీరికి ఎదురుగ మరియొక తెగవారు గలరు. ఏది క్రొత్తదైన నదియే గొప్పదను వేడుకరులు. వెర్షను అంకెకు బదులు కూడికగుర్తు నొకటి వ్రాసి, నేటికి దొరకు క్రొత్తదానిని తెచ్చికొమ్మని మేస్త్రికి వదలివేయుదురు. నిన్న కట్టిన యాప్‌కును నేడు కట్టిన యాప్‌కును పోలిక తప్పును. ఏమి మారినదో కట్టినవానికే తెలియదు. ఇక మూడవవారు మన స్వదేశాభిమానులు: పరదేశపు పనిముట్ల నన్నిటిని బహిష్కరింపుడందురు. మా పత్రిక అభిమానము వారికి తెలియనిది కాదు. అయినను అడుగుచున్నాము: గ్రేడిల్ మూలపాఠము ఎవరైనను చదువుకొన తెరచియున్నది, ఆండ్రాయిడ్ఎక్స్ మూలపాఠము తెరచియున్నది, మన పన్నులతో మన కార్యాలయములు వ్రాయించిన యాప్‌ల మూలపాఠము లెన్ని తెరచియున్నవి? పరాయివాని తలుపు తెరచియుండ, మన తలుపునకు తాళమేల?

ఇది మేము క్రొత్తగ కోరు వరము కాదు. ప్రభుత్వ యాప్‌ల మూలపాఠమును తెరచి, పలువురు కలిసి వృద్ధిచేయవలెనను విధానమును భారత ప్రభుత్వమే 2015లో ప్రకటించియున్నది. 2020 మే నెలలో ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ మూలపాఠమును బయటపెట్టినది గూడ. ఒకమారు చేయగలిగినది మరల చేయలేకపోవుటకు కారణమేమి? మూలపాఠము తెరచియున్నచో, 21 కొట్టి 23 వేసినవాని చేతివ్రాత ఖమ్మములోని యే ఇంజనీరింగు విద్యార్థికైన కనబడును. "అయ్యా, చర్లలో నింకను ఆ ఫోనులున్నవి" అని ఆ దినమే వ్రాయును.

మన చెరువుల కాపరి నీరటికాడు. తూములో చేయిపెట్టి, అలుగు చూచి, కట్టపై ఎలుకబొరియ కనబడిన వెంటనే మన్ను వేసినవాడు. వానిని మాన్పించి, దశాబ్దములు పూడిక పెరుగనిచ్చి, పిమ్మట 2015 నుండి మిషన్ కాకతీయ యని కోట్లు వెచ్చించి తవ్వించుకొంటిమి. యాప్‌లకు నీరటికాడు లేడు. యాప్‌ను కట్టుటకు టెండరు పిలుతురు, ప్రారంభోత్సవమునకు మంత్రిని పిలుతురు. ఏటేట ఆధారములను దిద్దుటకు పద్దు వ్రాయరు. కాంట్రాక్టరు గడువు తీరినంతనే తన దారిని పోవును. తరువాత వచ్చినవాడు ఆ జాబితాను చూచి దండము పెట్టి మూసివేయును.

కావున మా కోర్కెలు సూటిగ చెప్పుచున్నాము. యాప్ టెండరు వ్రాయునప్పుడే మరమ్మతు పద్దును, అది యాప్ బ్రదికినంతకాలము సాగునట్లు, వ్రాయుడు. మూడు నెలల కొకమారైన పనిముట్లను కదల్పుడు; గ్రేడిల్‌ను, ప్లగిన్‌ను, లైబ్రరీలను ఒక్కపెట్టున గాక ఒక్కొక్కటిగ మార్చి, ప్రతి మార్పునకు కట్టి చూచి, విడుదల ప్రతినే పరీక్షింపుడు. కనీసపు మెట్టును పెంచవలసి వచ్చినచో ఆరు నెలలు ముందుగ ప్రకటించి, వెలివడు ఫోనుల జాబితా పంచాయతీ గోడపై అంటింపుడు; ఆ ఫోనులు గల పనివారికి ప్రభుత్వ ఖర్చుతో వేరు ఫోను లిచ్చునంతవరకు పాతవెర్షనుకు సర్వరు తలుపు మూయకుడు. యాప్ పనిచేయని దినమున కాగితపు హాజరు చెల్లునని ఉత్తరువు వ్రాయుడు.

భద్రాచలములోను, చింతూరులోను గిరిజనాభివృద్ధి సంస్థల కార్యాలయములు గలవు. అచ్చటి బల్లపై, ఆ మండలములలో వాడుకలోనున్న ఫోనులలో అన్నిటికంటె పాతది యొకటి యుండవలెను. గూగుల్‌వారి వాయిదా ఆగస్టు చివర వచ్చుచున్నది. తునికాకు కోత వేసవిలోనే ముగియును. జూన్ నెలలో ఆ పాతఫోనును తీసికొని, సిగ్నలు అందని పల్లె నుండి అందు పల్లెకు ఒక యధికారి నడచి, దానిపై హాజరు పడినదని సంతకము చేసిన పిమ్మటనే హైదరాబాదులో విడుదల ఉత్తరువు వెలువడవలెను.