కంప్యూటర్లకు కోట్లు పెట్టినా కక్షిదారుకు తప్పని కాగితం ఖర్చు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని పాత సామెత. ఆ ఏడుపంతా ఖర్చు గురించినదే. దావాల ఖర్చు, జాప్యం తగ్గించే ఉద్దేశంతో కోర్టులలో ఎలక్ట్రానిక్ ఫైలింగ్ పద్ధతిని ప్రవేశపెట్టారు. దావా కాగితాలను కట్టగట్టి కోర్టు ఆఫీసులో ఇచ్చే బదులు కంప్యూటరు ద్వారా పంపడమే ఈ పద్ధతి. ఇందుకోసం సర్కారు ఎంత వెచ్చిస్తున్నది, పల్లె నుంచి వచ్చే కక్షిదారుకు అందులో మిగిలేదెంత, మీద పడేదెంత అన్నది లెక్క చూసుకోవలసిన సమయం వచ్చింది.

వేల కోట్ల పథకం

కేంద్ర ప్రభుత్వం ఈ-కోర్టుల పథకాన్ని దశలవారీగా అమలు జరుపుతున్నది. మొదటి దశకు 935 కోట్ల రూపాయలు కేటాయించగా 639 కోట్లు ఖర్చయినవి. 2015లో మొదలైన రెండవ దశకు కేటాయించిన 1,670 కోట్లు దాదాపు పూర్తిగా ఖర్చయినవి. 2023 సెప్టెంబరు 13న కేంద్ర మంత్రివర్గం నాలుగేళ్ల మూడవ దశకు 7,210 కోట్లు ఆమోదించింది. మొదటి రెండు దశల కేటాయింపులను కలిపినా ఇది వాటికి రెండున్నర రెట్ల పైమాటే.

ఈ 7,210 కోట్లలో ఈ-ఫైలింగ్ పేరిట ప్రత్యేకించినది 215.97 కోట్లు మాత్రమే. అంటే నూటికి 3 రూపాయలు. కోర్టు రికార్డులను స్కానింగ్ చేసి భద్రపరిచేందుకు 2,038.40 కోట్లు కేటాయించారు. కక్షిదారులకు సాయపడేందుకు తలపెట్టిన 4,400 ఈ-సేవా కేంద్రాలకు 394.48 కోట్లు చూపారు. సగటున ఒక్కొక్క కేంద్రానికి వచ్చేది దాదాపు 9 లక్షలు. కరెంటు పోయినా పని ఆగకుండా సౌర విద్యుత్తుకు 229.50 కోట్లు పెట్టారు.

ఈ అంకెలను బట్టి ఒక సంగతి స్పష్టమవుతున్నది. కంప్యూటరు ద్వారా కాగితం పంపడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కాగితాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికే ఎక్కువ ఖర్చు. కోర్టు బీరువాలలోని పాత కాగితానికి ఆ ఖర్చు సర్కారు భరిస్తున్నది. కొత్తగా దావా వేసేవాడి కాగితానికి ఆ ఖర్చు ఎవరిది? ఆ భారం కక్షిదారు మీదనే పడుతున్నది. ప్రభుత్వ లెక్కలలో ఎక్కడా కనిపించని ఖర్చు ఇదే.

రెండు విధాలా బాదుడు

ఈ-ఫైలింగ్ పోర్టల్‌ను ప్రభుత్వరంగంలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసింది. దానిని వాడుకున్నందుకు రుసుము లేదు. ఎప్పటివలె 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం ఫీజు కడితే చాలు. అయితే దావాను టైపు చేయించాలి. దస్తావేజులు, పాస్‌పుస్తకం, అడంగల్ నకళ్లు అన్నీ పేజీ పేజీ స్కాన్ చేయించాలి. పాత స్టాంపు కాగితాలు మడతలు పడి, సిరా వెలిసి ఉంటాయి. స్కానింగ్ సరిగా రాకపోతే కోర్టు ఆఫీసు తిప్పి పంపుతుంది. మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంత చేసినా చాలాచోట్ల అవే కాగితాల కట్టను విడిగా దాఖలు చేయవలసి వస్తున్నదని న్యాయవాదులు, గుమస్తాలు చెబుతున్నారు. ఉదాహరణకు ఐదుగురు ప్రతివాదులున్న భాగపంపకాల దావా 80 పేజీలు అనుకుందాం. కోర్టుకు ఒకటి, వకీలుకు ఒకటి, ప్రతివాదులకు ఐదు, మొత్తం 7 సెట్లు, 560 పేజీలు. పేజీకి 2 రూపాయల చొప్పున లెక్క వేసుకున్నా 1,120 రూపాయలు. స్కానింగ్‌కు పేజీకి 5 రూపాయలనుకుంటే దాని మీద మరో 400. పాత ఖర్చు పోలేదు, కొత్త ఖర్చు వచ్చి చేరింది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే ఇదే.

సమన్లతో పాటు పంపే నకళ్లు ఎలాగూ తప్పవు. కాని కంప్యూటరులో చేరిన దావాను కోర్టుకు మళ్లీ కాగితంపై ఇవ్వమనడంలో అర్థం లేదు.

లాభం లేకపోలేదు

ఈ పద్ధతి వల్ల మేలు లేదనడం న్యాయం కాదు. వాయిదా ఎప్పుడో, కోర్టు ఏమి ఉత్తర్వు ఇచ్చిందో తెలుసుకునేందుకు ఒకప్పుడు బస్సు చార్జీలు పెట్టుకుని పట్టణానికి పోవలసి వచ్చేది. ఇప్పుడు కేసుకు కేటాయించిన 16 అక్షరాలు, అంకెల సిఎన్ఆర్ నెంబరు దగ్గర ఉంటే సెల్‌ఫోన్‌లోనే ఉచితంగా చూడవచ్చు. ప్రతి కక్షిదారూ వకీలు వద్ద ఆ నెంబరు అడిగి రాసి పెట్టుకోవడం మంచిది. దేశంలోని జిల్లా, దిగువ కోర్టులలో 4 కోట్లకు పైగా కేసులు పేరుకుపోయి ఉన్నందున ఇటువంటి ఏర్పాటు అవసరమే.

సర్కారు కూడా ఈ దారిన నడవాలని 2021లో సుప్రీంకోర్టు ఈ-కమిటీ హైకోర్టులకు సూచించింది. ప్రభుత్వం వేసే కేసులను 2022 జనవరి 1 నుంచి ఈ-ఫైలింగ్ ద్వారానే దాఖలు చేయాలన్నది ఆ సూచన. సర్కారుకు సిబ్బంది ఉన్నారు, యంత్రాలు ఉన్నవి. పల్లెటూరి రైతుకు అవి లేవు. ఇద్దరినీ ఒకే గాటన కట్టరాదు.

గడువు ముంచుకొస్తే

ప్రామిసరీ నోటు బాకీకి మూడేళ్లలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. ఆఖరి రోజున వకీలు దగ్గరకు పరుగెత్తేవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. ఆ రోజున పోర్టల్ పనిచేయకపోతే? ఈ-కమిటీ నమూనా నిబంధనల ప్రకారం ఆ కారణం చూపి గడువు పొడిగింపు కోరే వీలు లేదు. కోర్టులోని కౌంటరుకు వెళ్లాలి, లేదా కాగితం రూపంలో దాఖలు చేయాలి. కనుక కాగితం కౌంటరును మూసివేయడం ప్రమాదకరం. బాకీ ఇచ్చినవారు కూడా చివరి రోజు వరకు ఆగకుండా ముందుగానే జాగ్రత్త పడాలి.

టెక్సస్ అనుభవం

ఖర్చు ఎవరు మోయాలన్న ప్రశ్న ఇతర దేశాలలోనూ తలెత్తింది. తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో మొదట దాఖలు చేసిన ప్రతిసారీ రుసుము తీసుకునేవారు. రోడ్డు మీద టోల్ గేటు వంటిదన్నమాట. 2013లో చట్టం చేసి, కేసు వేసేటప్పుడే ఒక్కసారి కట్టే పద్ధతికి మారారు. 2014 జనవరి నుంచి పెద్ద కౌంటీల సివిల్ కేసులలో న్యాయవాదులకు ఈ-ఫైలింగ్ తప్పనిసరి చేశారు. వకీలు లేకుండా స్వయంగా కేసు నడుపుకునేవారిని మాత్రం బలవంతపెట్టలేదు. మనకంటే సంపన్నమైన చోటే అంత మినహాయింపు ఇచ్చినప్పుడు మన పల్లెవాసులకు ఇవ్వడంలో తప్పు లేదు.

హక్కు తెలిస్తే కొంత ఊరట

ఈ-సేవా కేంద్రాల పనుల జాబితాలో కాగితాలను స్కాన్ చేయడం, ఎలక్ట్రానిక్ సంతకం చేయించడం, దావాను ఎక్కించి ఫైలింగ్ నెంబరు ఇవ్వడం కూడా ఉన్నవి. ఈ సంగతి తెలియక చాలామంది నేరుగా కోర్టు ఎదుటి జిరాక్స్ కొట్టుకు పోతున్నారు. ముందుగా కేంద్రం ఎక్కడ ఉన్నదో కనుక్కోవాలి.

అలాగే 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. నిర్ణీత ఆదాయానికి లోబడిన పేదలందరికీ కూడా ఈ హక్కు ఉంది. ఉచిత సహాయమంటే వకీలు ఫీజు ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, పత్రాల తయారీ ఖర్చు కూడా అందులో భాగమే. మండల న్యాయ సేవాధికార సంఘంలో దరఖాస్తు ఇవ్వవచ్చు. 15100 నెంబరుకు ఫోన్ చేసినా వివరాలు చెబుతారు. దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

చేయవలసినది

వేల కోట్ల పథకం ఫలితం ఢిల్లీలోని లెక్కలలో కాక జూనియర్ సివిల్ జడ్జి కోర్టు మెట్ల దగ్గర కనిపించాలి. ఊళ్లలో ఇంకా మున్సిఫ్ కోర్టుగా పిలిచే ఈ కోర్టులకే పల్లె జనం ఎక్కువగా వస్తారు. ప్రతి కోర్టు ఆవరణలో స్కానర్, పనిచేసే మనిషి గల ఈ-సేవా కేంద్రం ఉండాలి. అక్కడ ఏ పని ఉచితమో, ఏ పనికి ఎంతో తెలుగులో బోర్డు పెట్టాలి. కంప్యూటరు ద్వారా దాఖలు చేసినవారిని కోర్టు కోసం మరో కాగితాల సెట్టు అడగరాదు. వకీలు లేనివారికి, చదువురానివారికి కాగితం కౌంటరు కొనసాగించాలి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాట ఈ పథకానికి అంటకుండా హైకోర్టు, జిల్లా న్యాయాధికారులు శ్రద్ధ వహించాలి. సర్కారు పెట్టిన ఖర్చు కక్షిదారు ఖర్చును తగ్గించినప్పుడే అది న్యాయానికి పెట్టిన ఖర్చు అవుతుంది.