పాతమాట - కొత్తబాట: రామదండు

పిల్లలూ! రామాయణం కథ తెలియనివాళ్ళు మీలో ఎవరూ వుండరు. ఈనాడు వ్యాపారవిద్య నేర్పే పెద్ద కళాశాలలలో కూడా నాయకత్వం గురించి పాఠం చెప్పేటప్పుడు రామాయణాన్నీ, భగవద్గీతనూ ఉదాహరిస్తున్నారు. అయితే కథ తెలిసి వుండటం వేరు, కష్టం వచ్చినప్పుడు దానిని వాడుకోవటం వేరు. నూరేళ్ళ క్రితం రామాయణాన్ని ఒక వూరి కష్టంలో ఎలా వాడుకున్నారో ఈ నెల చెప్పుకుందాం.

బాపట్లలో రైలెక్కి ఒంగోలు వైపు వెళితే కాసేపటికే చీరాల వస్తుంది. దానిని ఆనుకునే పేరాల వున్నది. నేతపనికి పేరుపడిన వూళ్ళు అవి. 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరాయి. బ్రిటిషు పాలనలో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు వూళ్ళనూ కలిపి పురపాలక సంఘంగా మార్చింది.

వీధిదీపాలూ, రోడ్లూ, మంచినీళ్ళూ, పారిశుద్ధ్యమూ చూసేది పురపాలక సంఘం. ఆ ఖర్చుకు ప్రజలు పన్ను కట్టాలి. అందులో తప్పేమీ లేదు. కాని చీరాల, పేరాలలో అంతవరకూ ఏటా సుమారు 4,000 రూపాయలున్న పన్ను 40,000 అయింది. నాలుగు రూపాయలు ఇచ్చేవాడిని నలభై ఇమ్మంటే ఎక్కడినుంచి తెస్తాడు? ప్రజలు మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం వినలేదు. చాలామంది పన్ను కట్టటం మానేశారు. కొందరిని జైలులో పెట్టారు. వారిలో ఒక స్త్రీ కూడా వున్నది.

ఈ పోరాటానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. కొద్దికాలం బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగం చేశాడు. తరవాత సముద్రాలు దాటి, స్కాట్లాండులోని ఎడింబరోలో ఎం.ఏ. చదివాడు. నాట్యం గురించిన ప్రాచీన గ్రంథం అభినయదర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ పుస్తకం 1917లో అచ్చయింది. ఇంత చదివినవాడు ప్రజలలో పని చెయ్యటానికి ఒక సేవాదళం ఏర్పాటుచేసి, దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? రామదండు!

దండు అంటే సైన్యం. రాముడి సైన్యంలో వున్నది ఎవరు? కోతులూ, ఎలుగుబంట్లూ. వాళ్ళకు రథాలు లేవు, కిరీటాలు లేవు. అయినా సముద్రానికి వారధి కట్టారు. అందుచేత ఆ పేరు వినగానే అక్షరం రాని మనిషికి కూడా, "ఈ పనిలో నాకూ చోటున్నది," అని తెలిసిపోతుంది. నాయకుడు మొదట చెయ్యవలసిన పని ఇదే: తన మాట అందరికీ అర్థమయ్యేట్టు చెప్పటం.

రెండో పని ఇంకా కష్టం. అన్యాయం జరిగితే కోపం రావటం సహజం. రాముణ్ణి అడవికి పొమ్మన్నప్పుడు లక్ష్మణుడికీ అలాగే వచ్చింది. విల్లు పట్టి, బలంతో రాజ్యం తీసుకుందామన్నాడు. అతని ప్రేమను రాముడు కాదనలేదు. కాని ఆ కోపాన్ని చల్లార్చి, తాను అడవికే బయలుదేరాడు.

1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ చీరాల వచ్చాడు. ఆయన ప్రజలకు రెండు దారులు చెప్పాడు. ఎవరినీ హింసించకుండా, పన్ను కట్టకుండా, వచ్చిన శిక్షను అనుభవించటం ఒకటి. పురపాలక సంఘం పొలిమేర దాటి బయటికి వెళ్ళిపోవటం రెండోది. చీరాల, పేరాల ప్రజలు రెండోదారి ఎన్నుకున్నారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళు విడిచి వెళ్ళారు! పొలిమేర అవతల పాకలు వేసుకుని, ఆ చోటుకు రామనగరం అని పేరు పెట్టారు.

ఇక్కడ రామాయణంలోని మరో ఘట్టం గుర్తుకు వస్తుంది. రాముడి వెంట అయోధ్య ప్రజలు కూడా బయలుదేరారు. తమసానది ఒడ్డున అందరూ నిద్రపోతుండగా, తన మూలంగా వారు కష్టపడకూడదని రాముడు చెప్పకుండా వెళ్ళిపోయాడు. చీరాలలో అలా కుదరలేదు. ఆ అరణ్యవాసం జనమంతా చెయ్యవలసినదే. అటువంటి దారి చూపిన నాయకుడి భుజాల మీద ఎంత భారం వుంటుందో ఆలోచించండి! రోహిణి కార్తె ఎండలలో పాకల కింద పసిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. తరవాత వానలు వచ్చాయి. ఇంతమందికీ తిండి గడవాలి, నీళ్ళు దొరకాలి, పాకల మధ్య తగాదాలు వస్తే తీర్చుకోవాలి. అలా పదకొండు నెలలు గడిపారు.

ఈలోగా 1921లోనే గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేశారు. ప్రసంగించరాదన్న ఉత్తర్వును ఆయన లెక్కచెయ్యలేదు. దానికి ఏడాది జైలుశిక్ష పడింది. ఇతరులను కష్టపడమని తాను సుఖంగా కూర్చున్నవాడు కాదు ఆయన. నాయకుడి మూడో పని ఇది.

చివరకు ఏమైంది? నాయకుడు జైలులో వున్నాడు, జనం దగ్గర డబ్బు అయిపోయింది. 1922లో ప్రజలు తిరిగి తమ ఇళ్ళకు చేరారు. మరి ఇంత కష్టమూ వృథాయేనా? పని నీ చేతిలో వున్నది, ఫలితం నీ చేతిలో లేదు అని గీత చెబుతుంది. అంటే ఫలితం మాట ఆలోచించవద్దని కాదు. అనుకున్న ఫలితం రానంత మాత్రాన సరిగా చేసిన పని చెడ్డపని అయిపోదని. వేలమంది ఒక్కమాట మీద నిలబడగలరని చీరాల దేశానికి చూపించింది. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. "ఆంధ్రరత్న" అన్న బిరుదు మాత్రం ఆయన పేరుకు ముందు ఇప్పటికీ నిలిచి వున్నది.

మీకు వూరు విడిచి వెళ్ళవలసిన అవసరం రాకపోవచ్చు. కాని తరగతికి నాయకులుగా మిమ్మల్ని ఎన్నుకోవచ్చు. బడి ఆవరణ శుభ్రం చెయ్యవలసిన రోజున, "నువ్వు ఇది చెయ్యి, నువ్వు అది చెయ్యి," అని వేలు చూపటానికి ముందు, ఎవరూ ఇష్టపడని పని ఏదో చూసి దానిని మీరు తీసుకోండి. ఆటలో అంపైరు తప్పు చెప్పాడని మీ జట్టువాళ్ళు కలియబడబోతే, లక్ష్మణుణ్ణి రాముడు ఆపినట్టు ఆపండి. తరవాత నెమ్మదిగా వెళ్ళి మీ మాట చెప్పండి.

ఈ పాఠం పెద్దలకూ పనికివస్తుంది. పిల్లవాణ్ణి సెల్‌ఫోను పక్కన పెట్టమనే నాన్నగారు ముందు తన ఫోను పక్కన పెట్టాలి. ఇల్లు కూడా ఒక చిన్న రామదండే కదా!