పోటు కాని పోటు

మన ‘గుండెపోటు’ అన్న మాట మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉన్నది. పోటు అనగానే కత్తిపోటు, బల్లెపుపోటు స్ఫురిస్తాయి. సూదితో పొడిచినట్లుండాలనీ, మనిషి ఎడమరొమ్ము పట్టుకొని కుప్పకూలాలనీ మన సినిమాలలోని తండ్రిపాత్రలు తరతరాలుగా నేర్పాయి. గుండెకు రక్తం చాలనప్పటి బాధ చాలామందిలో అలా ఉండదు. బరువు మోపినట్లు, బిగించి కట్టినట్లు, పిండినట్లు ఉంటుంది. ఎక్కడని అడిగితే వేలితో చూపలేక, పిడికిలి బిగించి రొమ్ము నడుమ ఆనిస్తారు. (ఈ సంజ్ఞకు వైద్యులు లెవీన్ అనే హృద్రోగ నిపుణుడి పేరు పెట్టుకున్నారు.)

1768లో లండన్‌లో ఈ బాధను వర్ణించిన విలియం హెబర్డెన్ దానికి ‘ఆంజైనా’ అని పేరు పెట్టాడు. గొంతు నులిమినట్లుండడమే ఆ మాటలోని భావం. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోంచేసి నడుస్తున్నప్పుడు వస్తుందనీ, ఆగి నిలబడితే పోతుందనీ ఆయన గమనించాడు. ఈసీజీ పుట్టడానికి శతాబ్దానికి పైగా ముందే, కేవలం రోగుల మాటలు శ్రద్ధగా విని!

భోంచేసిన పిమ్మట అన్నచోటే మనకు చిక్కు. మనం దానికి ‘గ్యాసు’ అని నామకరణం చేసి, వాము నమిలి, సోడా తాగి, ఒక తేన్పు రాగానే నిశ్చింతగా పడుకుంటాం. సోడాతో తగ్గినంత మాత్రాన అది గుండెది కాదని తేలిపోదు.

మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఉన్నారు. ప్రతి ఉదయం కూరల బజారుకు నడిచివెళ్తూ వంతెన ఎగువన ఆగి, కాలువను చూస్తూ నిలబడేవారు. కాలువ మీద ప్రేమ అనుకున్నాం. ఛాతీ పట్టేస్తే తగ్గేదాకా ఆగేవారని తరువాత తెలిసింది. కొన్నాళ్ళకు వంతెన దాకా కూడా రాలేక కిళ్ళీకొట్టు దగ్గరే ఆగడం మొదలైంది. ఒకరాత్రి పడక మీదే బాధ వచ్చింది. తెల్లవారాక చూద్దామన్నారట. కోడలు వినక 108కి ఫోను చేసింది. ఆసుపత్రిలో మొదటి ఈసీజీ బాగానే ఉన్నది. కొన్ని గంటల తరువాత రక్తంలో ట్రోపోనిన్ పెరిగి కనిపించింది. ఆ మొదటి కాగితం చూసి ఇంటికి పంపివేయనందుకు ఆ వైద్యులను మెచ్చుకోవాలి.

వంతెన నుండి కిళ్ళీకొట్టుకు, అక్కడి నుండి పడకకు – నా దృష్టిలో అసలు సంగతి ఈ ప్రయాణమే. కొంత శ్రమకు వచ్చి, ఆగితే కొద్ది నిమిషాలలో పోయే నొప్పి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే, త్వరలో వైద్యుని చూడవలసిన విషయం. అదే నొప్పి తరచుగా, తక్కువ శ్రమకే వస్తున్నా, విశ్రాంతిలో ఉండగా వచ్చినా, నిద్రలేపినా, కొద్ది నిమిషాలలో తగ్గకపోయినా అత్యవసరమే. దవడకో చేతికో వీపుకో పాకినా, చెమట, ఆయాసం, వాంతి తోడైనా అంతే. ఇదివరకు చాలాసార్లు వచ్చి పోయింది కదా అన్నది ధైర్యానికి ఆధారం కాదు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వృద్ధులలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నిస్సత్తువ మాత్రమే ఉండవచ్చు. వంటింటి అలసట అని మన ఇళ్ళలో కొట్టిపారేసేది తరచు దీనినే.

ప్రతి ఛాతీనొప్పీ గుండెది కాదు, నిజమే. కండరం పట్టవచ్చు, ఆమ్లం ఎగదన్నవచ్చు. ఆ తీర్పు చెప్పవలసింది మాత్రం పక్కింటాయన కాదు. ఆయన జేబులోని సార్బిట్రేట్ బిళ్ళ కూడా అరువు తెచ్చుకోరాదు. రక్తపోటు పడిపోయిన వానికి అది అపాయం. అలర్జీ, రక్తస్రావపు బెడద లేనివారిని ఆస్పిరిన్ నమిలి మింగమని 108 వారో వైద్యులో చెప్పవచ్చు. స్వయంగా బండి నడుపుకుంటూ వెళ్ళడం సాహసం కాదు, తెలివితక్కువ. మూసుకున్న రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత గుండెకండరం మిగులుతుంది. తెల్లవారేదాకా ఆగడమంటే దానిని గంటగంటకూ వదులుకోవడమే.

ఇక పేరు సంగతి. ‘ఎదబిగి’ అంటే ఎలా ఉంటుందని ఆలోచించాను; భావకవి విరహంలా ధ్వనిస్తున్నది. ఇంతకంటె మంచి మాట మీకు తడితే చెప్పగలరు.