పది లక్షల మాత్రలకు పది పరీక్షలు చాలవు

థైరాయిడ్ ఉన్నవారు పొద్దున్నే పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్రల్లో 25 మైక్రోగ్రాముల మోతాదు ఒకటి ఉంది. మాత్ర మొత్తం బరువు 100 మిల్లీగ్రాములు అనుకుంటే అందులో అసలు మందు నాలుగు వేలల్లో ఒక వంతు. మిగతాదంతా లాక్టోజు, సెల్యులోజు, స్టార్చ్ వంటి నింపుడు పదార్థాలే. ఆ లెక్కన 100 కిలోల బ్యాచ్‌లో కలవాల్సిన మందు 25 గ్రాములు, ఆ బ్యాచ్ నుంచి వచ్చే మాత్రలు పది లక్షలు. గుప్పెడు కూడా లేని ఆ మందు ప్రతి మాత్రకూ సమానంగా చేరిందో లేదో చాలావరకు తేలేది పొడులు కలిపే యంత్రం, అంటే బ్లెండర్ దగ్గరే. మందుల నాణ్యత మీద చర్చ లేచినప్పుడల్లా మనం నకిలీల గురించి, నాసిరకం ముడిసరుకు గురించి మాట్లాడుకుంటాం. పొడులు ఎలా కలిపారన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ముడిసరుకు మేలురకమే అయినా, తూకం సరిగ్గా ఉన్నా, కలపడంలో తేడా వస్తే ఒక రోగికి మోతాదు తగ్గుతుంది, ఇంకొకరికి ఎక్కువవుతుంది. లెవోథైరాక్సిన్, గుండెజబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ లాంటి మందుల్లో ఆ కొద్దిపాటి తేడా కూడా ప్రమాదమే.

ఎక్కువసేపు తిప్పితే బాగా కలుస్తుందన్నది సహజంగా తోచే ఆలోచన. ద్రవాల విషయంలో అది చాలావరకు నిజం, పొడుల విషయంలో కాదు. చేటలో బియ్యం చెరిగితే నూకలు ఒకవైపు, గింజలు మరోవైపు చేరతాయి. గింజలను కదిపే ఆ కదలికే వాటిని వేరు చేస్తుంది. బ్లెండర్‌లోనూ అంతే. రేణువుల పరిమాణంలో, బరువులో, ఆకారంలో తేడా ఉంటే, ఒక దశ దాటాక తిప్పినకొద్దీ కలిసినవి విడిపోవచ్చు. వి ఆకారపు బ్లెండర్ అయినా, రెండు శంకువులు అతికించినట్టుండే డబుల్ కోన్ అయినా, అష్టభుజి బ్లెండర్ అయినా లోపల పొడి దొర్లడానికి ఖాళీ ఉండాలి. సాధారణంగా సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపుతారు. ఉత్పత్తి పెంచాలని అంచుదాకా నింపితే మధ్యలోని పొడి కదలకుండా అలాగే ఉండిపోతుంది. అతితక్కువ మోతాదు మందును ఒకేసారి మొత్తంలో పోయడం కూడా తప్పే. ముందు దానికి సమానమైన నింపుడు పొడితో కలిపి, ఆ మిశ్రమానికి మళ్లీ సమానంగా చేర్చుకుంటూ పోవాలి. చివర్లో వేసే మెగ్నీషియం స్టియరేట్‌ది ఇంకో తంటా. మాత్ర అచ్చుకు అంటుకోకుండా కాపాడే ఈ పొడిని కొద్ది నిమిషాలే కలపాలి. ఎక్కువసేపు తిప్పితే రేణువుల చుట్టూ పూతలా పట్టి మాత్రను మెత్తబరుస్తుంది, కడుపులో కరగడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఇంతా చేసి చక్కగా కలిపినా పని పూర్తయినట్టు కాదు. బ్లెండర్ నుంచి డ్రమ్ముల్లోకి, డ్రమ్ముల నుంచి మాత్రలు కొట్టే యంత్రంపై ఉండే గరాటులాంటి హాపర్‌లోకి పోసిన ప్రతిసారీ పొడి మళ్లీ విడిపోవచ్చు. పొడి హాపర్ అడుగుకు చేరుకునే సమయంలో వచ్చే మాత్రల్లో తేడా కనిపించడం ఈ రంగంలో తెలిసిన సంగతే. కలిపిన పాత్రనే నేరుగా యంత్రం మీదికి ఎక్కించే బిన్ బ్లెండర్ల విలువ ఇక్కడే ఉంది. అవి పొడిని ఒకచోటి నుంచి మరోచోటికి గుమ్మరించే సందర్భాలను తగ్గిస్తాయి.

తయారైన మాత్రలను ఎలాగూ పరీక్షిస్తారు కదా, బ్లెండర్ గురించి ఇంత గొడవ ఎందుకని అడగవచ్చు. అమెరికా ఫార్మకోపియా పద్ధతిలో మోతాదు సమానత్వ పరీక్షకు మొదట తీసుకునేవి పది మాత్రలు. అవి నెగ్గకపోతే మరో ఇరవై. పది లక్షల్లో ఒక శాతం, అంటే పది వేల మాత్రలు చెడ్డవి అనుకుందాం. ఎక్కడపడితే అక్కడ తీసిన పది మాత్రల్లో ఆ చెడ్డవి ఒక్కటి కూడా చేతికి రాకపోయే అవకాశం 90 శాతం. ఇది మామూలు లెక్కే. పరీక్ష నెగ్గడం వేరు, బ్యాచ్ అంతా బాగుండటం వేరు.

బ్లెండర్‌లోనే పరీక్షిద్దామన్నప్పుడు వచ్చే ఇంకో అభ్యంతరం బరువైనది. బ్లెండర్‌లోకి గొట్టంలాంటి సాధనం దించి నమూనా తీస్తే, ఆ సాధనమే పొడిని కదిలించి తప్పుడు ఫలితం ఇస్తుంది. ఇది నిజమే. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో జడ్జి ఆల్ఫ్రెడ్ వోలిన్ బ్లెండ్ నమూనా పరిమాణం మోతాదుకు దగ్గరగా ఉండాలని తేల్చాక, ఈ నమూనాల సంగతి మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. 2003లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముసాయిదా మార్గదర్శకం ఇచ్చింది, 2013లో దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ ఆ ముసాయిదాలోని ఒక ఆలోచన నేటికీ పనికొస్తుంది. మాత్రలు కొట్టడం మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా వేర్వేరు సమయాల్లో, ముఖ్యంగా హాపర్ ఖాళీ అయ్యే చివరి దశలో, మాత్రలు తీసి పరీక్షించడమే ఆ ఆలోచన. కలపడంలో వచ్చిన లోపమైనా, తర్వాత విడిపోవడం వల్ల వచ్చిన లోపమైనా అక్కడ పట్టుబడుతుంది.

చిన్న పరిశ్రమలు ఈ భారం మోయలేవన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2023 డిసెంబరులో సవరించిన మందుల తయారీ నిబంధనల షెడ్యూల్ ఎం అమలుకు చిన్న, మధ్య తరహా సంస్థలకు 2025 చివరిదాకా గడువు పొడిగించడం కూడా అందుకే. కాంతి ఆధారంగా మిశ్రమాన్ని అప్పటికప్పుడు చూపే పరికరాలు నిజంగానే ఖరీదైనవి. అయితే మొదటి మెట్టు కొత్త యంత్రం కాదు. నమూనాలు ఎక్కడెక్కడ తీయాలన్న క్రమశిక్షణ, బ్లెండర్ ఎంత నిండింది, ఎన్ని నిమిషాలు తిరిగిందన్న నిజాయితీ గల రికార్డు. కొన్ని పరీక్షలు అదనం, అంతే. మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించుకోవాల్సిన బ్యాచ్ ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేమీ కాదు.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ లాంటి పారిశ్రామికవాడలున్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ శాఖలు ఈ దశలవారీ పరీక్షను ముందుగా అమలు చేయవచ్చు. తక్కువ మోతాదు మందులు తయారుచేసే యూనిట్లకు తనిఖీకి వెళ్లినప్పుడు బ్యాచ్ మొదటి, మధ్య, చివరి భాగాల మాత్రల ఫలితాలను విడివిడిగా చూపమని అడగాలి. చూపలేని బ్యాచ్‌ను విడుదల కానివ్వకూడదు.