శత్రువేషానికి కాంట్రాక్టరా?

శిక్షణ కోసం అమెరికాలాగా మన వాయుసేన కూడా ప్రైవేటు యుద్ధ విమానాలను అద్దెకు తెచ్చుకుంటే తప్పేమిటని ఈ వారం ఒక మిత్రుడు అడిగాడు. బాగా చదువుకున్నవాడు, సైన్యమంటే గౌరవమున్నవాడు. అలాంటివాడికే ఇది మామూలు విషయంగా తోచిందంటే, తప్పేమిటో గట్టిగా చెప్పాల్సిందే.

ఈ వ్యాపారం చిన్నది కాదు. 2019 అక్టోబరులో అమెరికా వాయుసేన 640 కోట్ల డాలర్ల దాకా విలువైన కాంట్రాక్టుకు ఏడు కంపెనీలను ఎంచుకుంది. ఆ కంపెనీల ప్రధానమైన పని శత్రువు వేషం కట్టి సైనిక పైలట్ల మీదికి ఎగిరి వెళ్లడం. టాప్ ఏసెస్ సంస్థ ఇజ్రాయెల్ పక్కన పెట్టిన 29 ఎఫ్-16లను కొన్నది. అటాక్ సంస్థ ఫ్రాన్స్ నుంచి 63 మిరాజ్ ఎఫ్1లు తెచ్చుకుంది. న్యూజీలాండ్ 2001లో తన యుద్ధ విమాన దళాన్ని రద్దు చేశాక, దాని స్కైహాక్‌లు డ్రాకెన్ కంపెనీకి చేరాయి. చాలా చిన్న దేశాలకు లేనంత బలగం ఇవాళ కంపెనీల చేతుల్లో ఉంది.

ఖరీదైన ఎఫ్-35లను శత్రుపాత్రకు వాడితే ఇంధనం, ఇంజిన్ ఆయుష్షు దండగ, పైలట్లకూ కొరత, అందుకే అద్దె అంటారు. గంటకు ఎంత ఖర్చన్నదే కొలతైతే ఆ వాదన నెగ్గుతుంది. కానీ శత్రువులా ఆలోచించడం యుద్ధవిద్యలో పక్కపని కాదు, దాని సారమే అది. వియత్నాంలో అమెరికా నౌకాదళ పైలట్లు తమ విమానం ఒకటి పోగొట్టుకుని శత్రువువి రెండే కూల్చగలుగుతున్న దశలో, 1969లో కాలిఫోర్నియాలోని మిరమార్‌లో టాప్‌గన్ బడి పెట్టారు. బోధకులే స్కైహాక్‌లెక్కి శత్రువు మిగ్-17లా పోరాడి కుర్రవాళ్లను ఓడించారు. 1972కల్లా ఆ రెండు పన్నెండు దాకా పెరిగింది. అలా ఓడించిన మనిషి రేపు అదే పైలట్ పక్కన యుద్ధానికి ఎగిరేవాడు. అందుకే ఆ పాఠానికి అంత బరువు.

అదే అమెరికా, 2014లో బడ్జెట్ కోతల్లో శత్రుపాత్ర పోషించే 65వ అగ్రెసర్ స్క్వాడ్రన్‌ను మూసేసింది. 2022లో నెవాడాలోని నెల్లిస్‌లో దాన్ని ఎఫ్-35లతో మళ్లీ తెరవాల్సి వచ్చింది. చైనా జె-20లా రాడార్‌కు చిక్కకుండా రావడం పాత మిరాజ్‌కు సాధ్యమయ్యే పని కాదు మరి.

ఇంకో సంగతి. ఈ కంపెనీల పైలట్లలో ఎక్కువమంది మాజీ సైనికులే. ప్రజల డబ్బుతో పండిన నైపుణ్యాన్ని ప్రజలకే తిరిగి అమ్ముతున్నారు. వాయుసేన తన అగ్రెసర్లను తానే తయారుచేసుకోవడం మానేస్తే, రేపు ఆ కంపెనీలకైనా మనుషులెక్కడ దొరుకుతారు? విత్తనపు గింజలను వండుకు తినడమే ఇది. ఆ పైలట్ల ప్రాణాల సంగతీ మరవకూడదు. 2012లో నెవాడాలోనే ఫాలన్‌లో కఫీర్ విమానం కూలి ఒకరు, 2021లో నెల్లిస్ దగ్గర మిరాజ్ కూలి మరొకరు చనిపోయారు. దేశం పనిలోనే పోయారు, కంపెనీ జీతం మీద పోయారు.

మనకు వేరే దారి ఉంది. మన వాయుసేన పైలట్లకు పోరాట వ్యూహాలు నేర్పే సంస్థ, ఇప్పుడు గ్వాలియర్‌లో ఉన్న టాక్‌డీ, 1971లో పుట్టింది. ఆ ఏడాది యుద్ధంలో వ్యూహాలు నేర్పే ఆ పైలట్లే రాత్రిపూట ఒంటరి విమానాలతో పాకిస్తాన్ లోపలికి వెళ్లి దాడులు చేశారు. నేర్పేవాడే యుద్ధానికీ వెళ్లాలన్న షరతు ఏ కాంట్రాక్టులో రాయగలం?

నా బాధ విమానాలతో ఆగదు. ప్రభుత్వం తన చేత్తో చేయాల్సిన పనులన్నిటికీ ఇదే జబ్బు పట్టుకుంది. మన ప్రభుత్వ జూనియర్ కాలేజీలను ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లే మోశారు. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని మనిషికి పిల్లల భవిష్యత్తు అప్పగించాం. 2022లో అగ్నిపథ్ తెచ్చి, సైనికుణ్ణీ నాలుగేళ్ల మనిషిని చేశాం. నూటికి ఇరవై ఐదుగురిని మించి ఉంచుకోరట! దానికి ఎదురు తిరిగిన రోజున సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో ప్రాణం వదిలాడు. ఆ కోపం ఉద్యోగం కోసమే కాదు, జీవితాంతం తనదని చెప్పుకోగల యూనిఫాం కోసం.

మన వాయుసేనకు మంజూరైన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరులో మిగ్-21లు వెళ్లిపోయాక మిగిలినవి 29. ఈ లోటు చూపించి, శిక్షణకు మాత్రం అద్దె విమానాలు చాలవా అనేవాళ్లు రేపు ఢిల్లీలోనూ బయల్దేరతారు. వాళ్లకు ఒక్కటే జవాబు: ముందు ఆ లోటు పూడ్చండి, టాక్‌డీకి కొత్త విమానాలివ్వండి, శత్రుపాత్ర కోసమే ఒక స్క్వాడ్రన్ పెట్టండి. ఖర్చవుతుంది, అవనివ్వండి. శత్రువును చదివే పని సైన్యం చేతిలోనే ఉండాలి.