కారు ఫ్యాన్‌కి ‘డైరెక్ట్’ వద్దు, రిలే పెట్టించండి

సెకండ్ హ్యాండ్‌లో పాత మారుతి 800 లాంటి కారు కొన్నవాళ్లకి షెడ్డులో ఎప్పుడో ఒకసారి ఈ మాట వినిపిస్తుంది: ‘‘ఫ్యాన్ స్విచ్ పోయింది సార్, డైరెక్ట్ ఇచ్చేస్తా.’’ అంటే ఇంజిన్ వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్ చేసే థర్మో స్విచ్‌ని పక్కన పెట్టేసి, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా వైరు కలిపేస్తారన్నమాట. కొందరైతే డాష్‌బోర్డ్ మీద విడిగా ఒక స్విచ్ పెట్టించుకుంటారు. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి రెండూ ఓకే. పర్మనెంట్‌గా మాత్రం రెండూ చెత్త సెటప్‌లే అని నా అభిప్రాయం.

డాష్‌బోర్డ్ స్విచ్ పెట్టడమంటే సెన్సార్ చేయాల్సిన పని మనిషికి అప్పజెప్పడం. కారు 60 స్పీడులో వెళ్తుంటే మామూలుగా ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది. ఫ్యాన్ అవసరం పడేది ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర, ఒక కన్ను మ్యాప్ మీద, ఇంకో కన్ను పక్కనుంచి దూరే ఆటో మీద పెట్టి కూర్చున్నవాడు టెంపరేచర్ ముల్లు చూస్తాడా? ఒక్కసారి మర్చిపోతే హెడ్ గాస్కెట్ పోవచ్చు, సిలిండర్ హెడ్డే వంగిపోవచ్చు. ఇంజిన్ విప్పాల్సిందే. గేమ్ ఆడేటప్పుడు ఫోన్‌కి కూలర్ క్లిప్ చేసుకునే మనం కారు దగ్గర ఇంత లైట్ తీసుకోవడం ఏంటో!

డైరెక్ట్ ఇస్తే మర్చిపోయే బాధ లేదు, నిజమే. కానీ అవసరమున్నా లేకపోయినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది. అసలు గొడవ కరెంటుది. 80 వాట్ల ఫ్యాన్ 12 వోల్టుల మీద దాదాపు 7 యాంపియర్లు లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు. అదంతా తాళం వెనకున్న ఇగ్నిషన్ స్విచ్ గుండా పోతే దాని కాంటాక్టులు కాలడానికి ఎంతో కాలం పట్టదు.

దీనికి మందు రెండొందల లోపు దొరికే 4 పిన్నుల రిలే. చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేస్తుంది, అంతే. 30వ పిన్నుకి బ్యాటరీ ప్లస్, 87 నుంచి ఫ్యాన్‌కి. ఫ్యాన్ రెండో వైరు ఎర్త్‌కి. 86కి ఇగ్నిషన్ సప్లై, 85 నుంచి థర్మో స్విచ్ ద్వారా ఎర్త్‌కి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఫ్యాన్ పక్కన పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు అది కాపాడలేదు. ప్లస్ వైరు లావుగా వేసి ఎర్త్‌కి సన్నది వేసేవాళ్లూ ఉన్నారు. కరెంటు రెండింట్లోనూ అంతే పోతుంది కదా!

థర్మో స్విచ్ విషయంలో ఎంత తక్కువ డిగ్రీలకి ఆన్ అయితే అంత సేఫ్ అనుకోకండి. 82 డిగ్రీలకి తెరుచుకునే థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్‌కి 80 స్విచ్ పెడితే ఫ్యాన్ ఆగే ఛాన్స్ దాదాపు ఉండదు, అది మళ్లీ డైరెక్టే. 95 దగ్గర ఆన్ అయి 90 దగ్గర ఆఫ్ అయ్యేలాంటిది కావాలి. ఆ 5 డిగ్రీల తేడా లేకపోతే రిలే టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. కోడింగ్‌లో మనం హిస్టెరిసిస్ అనేది ఇదే. మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన రేటింగే అడగండి.

ఫ్యాన్‌ని ఈసీయూ నడిపే కొత్త కార్లలో ఈ వైరింగ్ జోలికే పోవద్దు.

ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యాన్ ఉల్టా తిరిగి ఎదురుగాలితోనే కుస్తీ పడుతుంది. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు గ్రిల్ దగ్గర కాగితం పెడితే లోపలికి అతుక్కోవాలి. పని అయ్యాక ఇంజిన్‌ని షెడ్డులోనే ఐడిల్‌లో వదిలేసి, ఫ్యాన్ దానంతటదే రెండుసార్లు ఆన్ అయి ఆఫ్ అయ్యేదాకా ముల్లు చూస్తూ నిలబడండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.