లైన్ క్లియర్ లేని దారులు

సెల్‌ఫోను కంపెనీల నిఘంటువులో ‘కవరేజి’ అన్న మాటకు అర్థం వేరు, మన నిఘంటువులో దాని అర్థం వేరు. మనిషి ఎక్కడుంటే అక్కడ ఫోను పనిచెయ్యాలని మనమనుకుంటాం. మనిషి ఇంట్లో కూర్చున్నప్పుడు పనిచేస్తే చాలునని వారనుకుంటారు. ఈ తేడా తెలియాలంటే హైదరాబాదు చుట్టూ ఉన్న వలయ రహదారి మీద తిరిగితే చాలదు. డోర్నకల్ నుంచి కురవి వైపో, మరిపెడ వైపో, గార్ల వైపో కారులో బయల్దేరి చూడాలి.

ఊళ్ళో ఉన్నంతసేపూ తెరమీద గీతలు నిండుగా ఉంటాయి. ఊరు దాటి చేలలో పడగానే ఒక్కొక్కటే రాలిపోతాయి. దారి చూపే పటం ఉన్నచోటనే కొయ్యబారిపోతుంది. మాట సగంలో తెగుతుంది. ఏదో తండా దగ్గర గీతలు మళ్ళీ లేస్తాయి, ఆ తండా దాటగానే పడిపోతాయి. ఒకటి పడుకున్నచోట రెండోదైనా మేలుకుంటుందని నా ఫోనులో రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకున్నాను. రెండూ కలిసి నిద్రపోయే చోట్లు కూడా ఉన్నాయి! గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషానికొక కిలోమీటరు పోతుంది. ఐదు నిమిషాలు సిగ్నలు లేదంటే, ఐదు కిలోమీటర్ల మేర రోడ్డు ఆ ఫోను దృష్టిలో లేనట్టే లెక్క.

ఇది ప్రకృతి శాపమేమీ కాదు. మొదటినుంచీ రాసుకున్న ఒప్పందాల ఫలితం. ప్రభుత్వం సెల్‌ఫోను కంపెనీలకిచ్చిన తొలినాటి లైసెన్సులలోని షరతు చూడండి: మొదటి ఏడాదిలో జిల్లా కేంద్రాలలో 10 శాతం, మూడేళ్ళలో 50 శాతం చేరుకోవాలి. జిల్లా కేంద్రం బదులు ఆ జిల్లాలోనే మరొక పట్టణాన్ని ఎంచుకున్నా సరే. ఇక ఒక పట్టణాన్ని చేరుకున్నట్టు లెక్కించాలంటే, దాని మునిసిపల్ హద్దులలో 90 శాతం మేర సిగ్నలుండాలి. ఆ షరతు చూపంతా మునిసిపల్ హద్దు మీదే. ఊరికీ ఊరికీ నడుమ దారి ఒకటి ఉంటుందనీ, దానిమీద మనుషులు పోతూ వస్తూ ఉంటారనీ ఆ లెక్కలో లేదు. తర్వాత వచ్చిన పథకాలు పల్లెలను లెక్కలోకి తెచ్చాయి. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నలు లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచి పనే. కానీ అక్కడా కొలమానం గ్రామమే, దారి కాదు.

ఇందులో సాంకేతిక సమస్య లేదా అంటే, ఉంది. కదిలే ఫోనును ఒక టవరు మరొక టవరుకు అప్పగిస్తూ పోవాలి. అందుకోవలసిన టవరు దూరంగా ఉంటే అప్పగింత తప్పుతుంది, మాట తెగుతుంది. పౌనఃపున్యం తక్కువైన తరంగాలు దూరం పోతాయి, ఎక్కువైనవి దగ్గరలోనే ఆగిపోతాయి. గోడల మీద పోస్టర్లలో మెరిసే 5జీ చాలామటుకు ఆ రెండో రకపు తరంగాల మీదే నడుస్తుంది గనుక, ఊరి పొలిమేర దాటాక దాని జాడ ఉండదు. కారు ఇనుప తొడుగు కొంత సిగ్నలును మింగుతుంది. కరెంటు పోయి, టవరు కింద బ్యాటరీ అడుగంటితే ఉన్నది కూడా పోతుంది. ఇవన్నీ నిజాలే. అయితే వీటిలో ఏ ఒక్కటీ పరిష్కారం దొరకని చిక్కు కాదు. ఖర్చుతో కూడిన చిక్కులు, అంతే.

ఖర్చు కూడా అక్కరలేని చిక్కు ఒకటుంది. సిగ్నలు పోయినప్పుడు తెరమీద అప్పుడప్పుడు ‘అత్యవసర కాల్స్ మాత్రమే’ అన్న రాత కనబడుతుంది. దాని అర్థమేమిటో మనం సాధారణంగా ఆలోచించం. మీ కంపెనీ టవరు అక్కడ లేదు, కానీ మరో కంపెనీ టవరు ఉంది, అది మీ ఫోనుకు వినబడుతూనే ఉంది. మీరు 112 నొక్కితే కలుపుతుంది, ఇంటికి చేస్తే కలపదు. గాలిలో తరంగముంది, చేతిలో ఫోనుంది, నడుమ నిలబడ్డది వ్యాపారపు గోడ ఒక్కటే! ఆ గోడను తీయడం అసాధ్యమా? కాదు. తుపానులప్పుడు ఒకరి టవరును మరొకరి ఖాతాదారులు వాడుకునేలా ప్రభుత్వం ఆదేశించిన సందర్భాలున్నాయి. 2025 జనవరిలో, ప్రభుత్వ నిధితో కట్టిన టవర్ల విషయంలో, ఒకే టవరును మూడు కంపెనీల ఖాతాదారులు వాడుకునే ఏర్పాటును ఆరంభించారు కూడా. చెయ్యవచ్చునని తేలిన పనిని ప్రతి దారిమీదా ఎందుకు చెయ్యరు?

కంపెనీల తరఫున వినబడే వాదన ఒకటుంది: రోడ్డు మీద ఖాతాదారులు తక్కువ, టవరు పెడితే గిట్టదు అని. అయ్యా, మాదాపూర్‌లో ఉన్నవాడు నెలకు కట్టే రీచార్జి ఎంతో, డోర్నకల్‌లో ఉన్నవాడు కట్టేదీ అంతే. సేవ సగమని మాకు ధర సగం చెయ్యలేదే! గిట్టుబాటు ఒక్కటే కొలమానమైతే పల్లెలకు బస్సు వచ్చేదా, కరెంటు స్తంభం వచ్చేదా? తరంగాలు జాతి సొత్తు. వాటిని మొత్తం సర్కిలుకు కలిపి కొనుక్కుని, లాభమున్న చోట మాత్రమే వాడతామనడం న్యాయం కాదు.

“నచ్చకపోతే కంపెనీ మారండి” అన్నది మరో వాదన. నంబరు మార్చకుండానే కంపెనీ మారే వసతి 2011 జనవరి నుంచీ దేశమంతటా ఉంది. అయితే ఒకరికి ఈ మలుపులో సిగ్నలుండదు, మరొకరికి ఆ వాగు దగ్గర ఉండదు. కంపెనీ మారడమంటే ఒక చిల్లిని ఇచ్చి ఇంకో చిల్లిని తెచ్చుకోవడమే.

ఈ గొడవంతా కారులో పాటలు ఆగిపోయాయన్న విసుగు కాదు. ఈ దారులమీద పోయేది ఖమ్మం మిరప మార్కెట్టుకు బస్తాలు వేసుకుపోయే రైతు, తండానుంచి మహబూబాబాదు ఆసుపత్రికి నొప్పులు పడుతూ పోయే ఇల్లాలు, ఆమెను తీసుకుపోయే 108 బండి. పెట్రోలు బంకు దగ్గర డబ్బు చెల్లించడానికి కూడా ఇప్పుడు ఫోనే కావాలి.

డోర్నకల్ రైల్వే జంక్షను. కాజీపేట – విజయవాడ లైనునుంచి భద్రాచలం రోడ్డు వైపు పట్టాలు చీలేది ఇక్కడే. రైలు నడిపేవాళ్ళు తరతరాలుగా పాటిస్తున్న నియమం ఒకటుంది: ముందున్న స్టేషను ‘లైన్ క్లియర్’ ఇవ్వనిదే వెనక స్టేషను బండిని వదలదు. రెండు స్టేషన్ల నడుమ ముందు కబురు నడవాలి, ఆ తర్వాతే బండి నడవాలి. 2024 సెప్టెంబరు 1న ఆ నియమం విలువేమిటో ఈ జిల్లా చూసింది. ఆనాటి వరదకు కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రైళ్ళను ముందే ఆపేశారు. అదే రోజున మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు రోడ్డును ముంచెత్తి, కారులో పోతున్న తండ్రినీ కూతురినీ పొట్టన పెట్టుకుంది. ఆ మరణాలకు సిగ్నలు లేకపోవడమే కారణమని నేననడం లేదు. నేననేది ఇంతే: రైలుకు ముందున్న ప్రమాదం చెప్పడానికి ఒక వ్యవస్థ ఉంది. రోడ్డున పోయేవాడికి ఆ పని చెయ్యగలిగింది చేతిలోని ఫోను ఒక్కటే. అది ఊళ్ళో మేలుకుని వాగు దగ్గర నిద్రపోతే, ఎన్ని హెచ్చరికలు పంపి ఏం లాభం?

అడగవలసినవి నాలుగే. ట్రాయ్ 2024 ఆగస్టులో తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీలు తమ కవరేజి పటాలను ప్రకటించాలి. ఆ రంగుల పటాలతో సరిపెట్టక, జిల్లాలోని ప్రతి ఆర్ అండ్ బీ రోడ్డు మీదా బండి నడిపి పరీక్షించి, ఏ కిలోమీటరు రాయి దగ్గర ఏ కంపెనీ సిగ్నలు తెగిందో తెలుగులో ప్రకటించాలి. తెగినచోట మరో కంపెనీ టవరుంటే, దాన్ని వాడుకునే హక్కు ప్రయాణికుడికి ఉండాలి. ఎవరి టవరూ లేనిచోట డిజిటల్ భారత్ నిధితో కట్టాలి. కంపెనీల ఆదాయంలో 5 శాతంగా అందులో చేరేది చివరికి మన రీచార్జి డబ్బే. వాగుల దగ్గరి టవర్లకు వానాకాలమంతా బ్యాటరీ, జనరేటరు సిద్ధంగా ఉంచాలి.

వరంగల్లు జిల్లాలో ఉన్న డోర్నకల్ 2016 అక్టోబరులో మహబూబాబాదు జిల్లాలోకి వచ్చింది. జిల్లా కేంద్రం దగ్గరయింది గనుక పాలన దగ్గరవుతుందన్నారు. దగ్గరితనాన్ని ఆఫీసు దూరంతో కొలవకండి, నడుమనున్న దారిలో మాట తెగకుండా అందుతుందా లేదా అన్నదానితో కొలవండి.